రిజిస్ట్రారు గారు ఇంకా దారిలోనే ఉన్నారు

నందివలస వివాహ నమోదు కార్యాలయంలో రిజిస్ట్రారుగా ఉన్న ఇప్పిలి జోగినాయుడు గారు రోజూ ప్యాసింజరు రైలు దిగి, చేతిలో క్యారియరుతో నడుచుకుంటూ వచ్చి, పది కాకముందే తన కుర్చీలో కూర్చునేవారు. ఏళ్ళ తరబడి అలా కూర్చుంటున్నప్పటికీ ఆయన అసలు ఆఫీసుకి రావడమే లేదన్న సంగతి మొన్న వేసవిలో గానీ బయటపడలేదు.

దాన్ని బయటపెట్టినవారు పౌర నమోదుల శాఖకి కొత్తగా వచ్చిన కమిషనరు ప్రభంజన్ గారు. ఆయనకి ఎవరో స్నేహితుడు ఫోనులో ఒక యాప్ పెట్టించాడు. పేరు చక్రయాన్. ఇంట్లో కదలని సైకిలు మీద కూర్చుని తొక్కుతుంటే, తెర మీద మనకి బదులు ఇంకో మనిషి రోడ్డు మీద వెళుతుంటాడు. పైసా ఖర్చు లేదు. కమిషనరు గారు పక్షం రోజులు తొక్కి, బెల్టు ఒక బెజ్జం లోపలికి బిగించారు. అంత మంచి ఫలితాన్ని ఒక్కరే అనుభవించడం అధికార దుర్వినియోగం అవుతుందేమోనని తోచి, శాఖ మొత్తానికి ఉత్తర్వు ఇచ్చారు. దానికి 'హరిత ఆగమన విధానం' అని పేరు పెట్టారు.

ఆ ఉత్తర్వుని జోగినాయుడు గారికి చదివి వినిపించింది జూనియర్ అసిస్టెంటు బమ్మిడి సుగుణకుమారి. ఆ ఆఫీసులో ఉన్నది వాళ్ళిద్దరే.

"ఉద్యోగి తన నివాసము నుండి కార్యాలయమునకు గల దూరమును చక్రయాన్ నందు సైకిలుపై పూర్తిచేసిన పిమ్మటనే కార్యాలయమునకు చేరినట్లు పరిగణించబడును. అంతవరకు సదరు ఉద్యోగి దారిలో ఉన్నట్లు భావించవలెను. కేవలము శరీరముతో హాజరగుట హాజరు కానేరదు. దారిలో ఉన్న ఉద్యోగి కార్యాలయ విధులు నిర్వర్తించుట, దరఖాస్తుదారులతో సంభాషించుట భద్రతా కారణముల దృష్ట్యా నిషేధము."

జోగినాయుడు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అంటే ఇప్పుడు నేనెక్కడున్నట్టమ్మా?"

"గారపేటలో ఉన్నట్టండి. ఇంట్లో."

"ఇంట్లో ఉంటే మా ఆవిడ ఈపాటికి పిలిచేది కదా."

సుగుణకుమారి ఇల్లు ఆఫీసు వెనక సందులోనే. ఆవిడ రెండు నిమిషాలు తొక్కి వచ్చేసేది. కమిషనరు గారి బంగళా, ఆయన ఆఫీసు ఒకే ప్రహరీలో ఉన్నాయి కాబట్టి విధానం అమల్లోకి వచ్చిన మొదటి ఉదయమే ఆయన శాఖలో అందరికంటే ముందు చేరి ఆదర్శంగా నిలిచారు. గారపేట మాత్రం ముప్ఫై కిలోమీటర్ల దూరం. జోగినాయుడు గారికి మోకాళ్ళ నొప్పులు. ఆ వివరం నింపడానికి యాప్‌లో గడి లేదు.

శాఖవారు పంపిన సైకిలుని కిటికీ పక్కన నిలబెట్టారు. ముందు ఒక ట్యాబు బిగించారు. యాప్ ఆయన పేరు, వయసు, బరువు అడిగింది. తర్వాత "మీ లక్ష్యం ఏమిటి?" అని అడిగి, బరువు తగ్గడం, పందెం గెలవడం, ప్రకృతిని ఆస్వాదించడం అని మూడు చూపించింది. ఆఫీసుకి రావడం అన్నది అందులో లేదు. జోగినాయుడు గారు కాసేపు ఆలోచించి ప్రకృతిని నొక్కారు.

ఉచితంగా ఇచ్చే దారి ఒకటే. ఏదో సముద్రం మధ్య దీవి. నడుమ పొగలు కక్కే కొండ. కొండ చుట్టూ నల్లటి రోడ్డు. ఆ రోడ్డు మీద ఎర్ర బనీను వేసుకున్న పాతికేళ్ళ కుర్రాడు, నడుముకి ఎక్కడా మడత లేనివాడు, సైకిలు తొక్కుతున్నాడు. అతని నెత్తి మీద 'ఇప్పిలి జోగినాయుడు' అని రాసి ఉంది. జోగినాయుడు గారు చాలాసేపు అతన్నే చూస్తూ తొక్కారు. కొబ్బరిచెట్ల మలుపు దగ్గర ట్యాబులోంచి "భేష్, జోగి" అని ఆడగొంతు వినిపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన్ని ఎవరూ భేష్ అనలేదు. ఆయన గబుక్కున సుగుణకుమారి వైపు చూశారు, ఆవిడ విన్నదో లేదోనని.

మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆయన ఆఫీసుకి చేరారు. సైకిలు దిగి, నాలుగడుగులు వేసి, కుర్చీ దగ్గరికి వెళ్ళేసరికి సుగుణకుమారి లేచి నిలబడి, "నమస్తే సార్, రండి" అంది.

ఇక్కడిదాకా విధానం బాగానే నడిచింది. చిక్కు తిరుగు ప్రయాణంలో వచ్చింది. చక్రయాన్ రోజుకి నాలుగు గంటలే ఉచితం. మూడున్నర గంటలు రావడానికే సరిపోయేవి. అరగంటలో గారపేట వెళ్ళడం ఎర్ర బనీను కుర్రాడి వల్ల కూడా కాదు. జోగినాయుడు గారు సాయంత్రం మామూలుగా రైలెక్కి ఇంటికి వెళ్ళిపోయేవారు గానీ, శాఖ లెక్కల్లో ఆయన ఆఫీసులోనే ఉండిపోయారు. వారం తిరిగేసరికి కమిషనరు గారి నుంచి రెండు కాగితాలు వచ్చాయి. రాత్రింబవళ్ళు కార్యాలయంలోనే గడుపుతున్న అంకితభావానికి అభినందన ఒకటి. ఇంటికి వెళ్ళకుండానే మరుసటి రోజు ఇంటినుంచి బయలుదేరినట్టు చూపినందుకు సంజాయిషీ అడుగుతూ ఒకటి.

జోగినాయుడు గారు రెంటికీ క్షమాపణ చెప్పుకుని, ఆపైన ఒకరోజు రావడం, మర్నాడు వెళ్ళడం మొదలుపెట్టారు. వచ్చే రోజున మధ్యాహ్నం నుంచి సంతకాలు పెట్టేవారు. వెళ్ళే రోజున పొద్దున్న రైల్లో వచ్చి, సైకిలెక్కి, గారపేట వెళ్ళి, మళ్ళీ రైల్లో గారపేట వెళ్ళేవారు.

విధానం విజయవంతం కావడంతో దాన్ని ప్రజలకి కూడా విస్తరించారు. "పౌరుడు, ప్రభుత్వము ఒకే బాటలో పయనించుట" దీని ఉద్దేశమట. ఆఫీసుకి రెండో సైకిలు వచ్చింది. దరఖాస్తు పెట్టేవారైనా, అభ్యంతరం చెప్పేవారైనా తమ ఊరినుంచి యాప్‌లో వస్తేనే వచ్చినట్టు. సాక్షులకి మినహాయింపు ఇచ్చారు, సాక్షి అన్నవాడు చూస్తే చాలు కనక. ఒకాయన పెళ్ళి సర్టిఫికెట్టు కోసం బస్సు దిగి వచ్చి, గుమ్మంలోంచి ఆ సైకిలుని చూసి, అదే బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. అలాంటివారు పెరిగాక ఆఫీసులో ఒక్క కాగితం కూడా పెండింగు లేకుండా పోయింది. దానికి ఇంకో అభినందన వచ్చింది.

అయితే ఒక్క కాగితం మిగిలింది. గొండు హారిక, బాలి సంపత్ పెళ్ళి నోటీసు. ఇద్దరూ నందివలసలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. ఆమె రక్తపరీక్షలు చేస్తుంది, అతను ఎక్స్‌రేలు తీస్తాడు. వాళ్ళు ఒక మంగళవారం వస్తే అది రిజిస్ట్రారు గారు వెళ్ళే రోజు. బుధవారం రమ్మని సుగుణకుమారి చెప్పింది. ఆ బుధవారం సాయంత్రంతో నోటీసు గడువు అయిపోతుంది. అయిపోతే మళ్ళీ నోటీసు ఇచ్చి, మళ్ళీ నెల రోజులు ఆగాలి. హారికకి నెల కాదుగదా మర్నాడు కూడా లేదు. గురువారం వాళ్ళింట్లో ఆమెకి వేరే సంబంధం ఖాయం చేసుకోవడానికి మనుషులు వస్తున్నారు.

బుధవారం పదకొండింటికి హారిక, సంపత్ ఆసుపత్రి బట్టల్లోనే వచ్చారు. వెంట తోటి ఉద్యోగులు నలుగురైదుగురు సాక్షులుగా వచ్చారు. ఒకామె కొంగు కింద పూలదండలు దాచుకుంది. జోగినాయుడు గారు సైకిలు మీద ఉన్నారు.

"సార్ ఇక్కడే ఉన్నారు కదండీ," అన్నాడు సంపత్.

"శరీరంతో ఉన్నారు బాబూ. రాలేదు," అంది సుగుణకుమారి. "ఒంటిగంటన్నరకి వచ్చేస్తారు. ఈలోగా మీరు కూడా వచ్చేయండి, ఆ సైకిలు ఖాళీగానే ఉంది. ముందు అమ్మాయి వస్తే, తర్వాత మీరు రావచ్చు."

జోగినాయుడు గారు తల తిప్పకుండా తొక్కుతున్నారు. ఆయనకి దరఖాస్తుదారులతో మాట్లాడే అధికారం లేదు. కానీ ఆడపిల్ల మొహం ఆయనకి ట్యాబు అద్దంలో దీవి మీద నీడలా కనిపిస్తూనే ఉంది.

హారిక చున్నీ నడుముకి చుట్టుకుని సైకిలెక్కబోతుండగా కరెంటు పోయింది. దాంతో ఆఫీసు వైఫై పోయింది. తెర మీద ఎర్ర బనీను కుర్రాడు ఒక కాలు పైకెత్తి, కొండ వాలులో అలాగే ఆగిపోయాడు. అందరూ ఫ్యాను రెక్కల వంక చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ కరెంటు వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. కుర్రాడు కదిలాడు. ఉచిత గంటలు మాత్రం కరెంటు కోసం ఆగలేదు.

సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది.

నోటీసు సంగతి ఎవరో చెవిన వేస్తే వచ్చి దిగినాయన గొండు సింహాద్రినాయుడు. హారిక తండ్రి. జీడిపిక్కల ఫ్యాక్టరీ యజమాని. భారీ మనిషి. గురువారం రాబోయే సంబంధం ఇంకా పెద్ద ఫ్యాక్టరీ వాళ్ళది. కూతురు చేసుకోవాలనుకుంటున్నవాడు ఎవరో ఆయన చూడలేదు. ఫోటో చూపించబోతే మొహం తిప్పుకున్నాడు. వేరే కులమని తెలిశాక మిగతా మొహంతో పనేమిటని ఆయన అభిప్రాయం.

గుమ్మంలో కూతుర్ని చూశాడు గానీ ఆమెతో మాట్లాడలేదు. తిన్నగా సుగుణకుమారి బల్ల దగ్గరికి వచ్చాడు.

"రిజిస్ట్రారెవలమ్మా?"

"సార్ ఇంకా రాలేదండి. దారిలో ఉన్నారు," అని సుగుణకుమారి సైకిలు వైపు చూపించింది.

సింహాద్రినాయుడు అటు చూశాడు. "మరా తొక్కతన్నదెవలు?"

"ఆయనేనండి. వస్తున్నారు."

ఆయన తన వెంట వచ్చిన ఇద్దరు మనుషుల వైపు చూశాడు. వాళ్ళిద్దరూ సైకిలునే చూస్తున్నారు.

"సరే. నాను ఈ పెళ్ళికి అబ్జెక్షను పెట్టాల. కాయితమియ్యి."

"పెట్టవచ్చండి. అది మీ హక్కు. కానీ ముందు మీరు రావాలి."

"నానొచ్చినాను కాదేటి? నీ ముందర నిలబడ్డది ఎవలు మరి?"

"జీపులో వచ్చారు కదండీ. అది శరీరంతో రావడం." సుగుణకుమారి ఉత్తర్వు తీసి ఆయన ముందు పెట్టింది. "మీ ఊరినుంచి పదహారు కిలోమీటర్లండి. మీకంటే ముందు సార్ వచ్చేస్తే, మీ అబ్జెక్షను లేకుండానే కార్యక్రమం అయిపోతుంది. అదొక్కటి చూసుకోండి."

సింహాద్రినాయుడు ఉత్తర్వుని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన కోపిష్ఠి గానీ చట్టం తప్పే మనిషి కాదు. ఫ్యాక్టరీకి కావలసిన అనుమతులన్నీ ఇలాంటి బల్లల ముందు నిలబడే తెచ్చుకున్నాడు. ఇంతకంటే వింత షరతులు విన్నాడు. పైగా ఆయనకి ఇంకో సంగతి అర్థమయింది. రెండో సైకిలు మీద తను కూర్చుంటే, కూతురు కూర్చోలేదు. పంచె ఎగ్గట్టి సైకిలెక్కాడు.

యాప్ ఆయన లక్ష్యం అడిగింది. "పందెం నొక్కు," అన్నాడు.

హారిక గోడకి చేరబడి కింద కూర్చుండిపోయింది. దీవి మీద ఎర్ర బనీను కుర్రాళ్ళు ఇప్పుడు ఇద్దరయ్యారు. నెత్తి మీద పేర్లు తప్ప ఇద్దరికీ తేడా లేదు.

మొదట సింహాద్రినాయుడు జోరుగా తొక్కాడు. సైకిలు కిర్రుకిర్రుమంది. అరగంట గడిచేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పక్క సైకిలు మీద జోగినాయుడు గారు నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నారు. దరఖాస్తుదారులతో మాట్లాడకూడదు గానీ, ఒకే రోడ్డు మీద వెళ్ళే ఇద్దరు బాటసారులు మాట్లాడుకోవడం గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

"బాబూ," అన్నాడు సింహాద్రినాయుడు, "నెమ్మదిగా తొక్కండి. ఎందుకంత తొందర? మీ కూతురి పెళ్ళేటి?"

"మా అమ్మాయి పెళ్ళి ఎప్పుడో అయిపోయిందండి."

"మీరే సూసి సేసినారా?"

"నేనే చూశానండి. మంచి సంబంధమని అందరూ అన్నారు. జాతకాలు కూడా కలిశాయి."

"మరి బాగున్నారేటి?"

జోగినాయుడు గారు ఒక మలుపు దాటారు. ఎడమపక్క సముద్రం వచ్చింది, పోయింది.

"ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోందండి," అన్నారు.

ఆ తర్వాత జోగినాయుడు గారు మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుకుంటూ ఇంకాస్త గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు. ఆ మనిషి జీవితంలో ఎవరికోసమూ తొందరపడింది లేదు. ఆయన్ని అలా చూడటం సుగుణకుమారికి కొత్తగా ఉంది.

కొండ ఎక్కేచోట సింహాద్రినాయుడికి కళ్ళు తిరిగాయి. ఆయనకి షుగరు ఉంది. హారిక పరుగెత్తుకొచ్చి, "నాన్నా, దిగిపో" అంది. మజ్జిగ గ్లాసు పట్టుకుంటే ఆయన మొహం తిప్పుకున్నాడు. అప్పుడు సంపత్ ముందుకొచ్చి ఆ గ్లాసు తీసుకుని, ఇంత ఉప్పు కలిపి అందించాడు. ఆసుపత్రి బట్టల్లో ఉన్న మనిషి కాబట్టి సింహాద్రినాయుడు గటగటా తాగేశాడు. సంపత్ కిందకి వంగి సీటు ఒక మెట్టు దించాడు. ఒక అట్ట తీసుకుని విసరడం మొదలుపెట్టాడు.

"హాయిగుంది బాబూ. ఏ ఊరు నీది?"

"కొండలోవండి."

"పెళ్ళయిందా?"

"ఇంకా లేదండి. ఇవాళ అవుతుందేమోనని చూస్తున్నాను."

"అయిపోద్ది, అయిపోద్ది," అన్నాడు సింహాద్రినాయుడు రొప్పుతూ. "నీలాటోడికి పిల్లనెవలియ్యరు?"

పూలదండలు దాచుకున్నామె దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయింది.

రెండు గంటలయింది. జోగినాయుడు గారికి ఇంకా రెండు కిలోమీటర్లు ఉన్నాయి. తెర మీద చిన్న గంట మోగింది. "ఈ రోజుకి మీ ఉచిత ప్రయాణం ముగిసింది. రేపు ఇక్కడినుంచే కొనసాగించవచ్చు. శుభం, జోగి." ఎర్ర బనీను కుర్రాడు సైకిలు దిగి, దాన్ని ఒక రాతికి ఆనించి, సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

పక్కన సింహాద్రినాయుడి సైకిలు ఒక్కటే కిర్రుమంటోంది. ఆయనకి కూడా రెండు కిలోమీటర్లే మిగిలాయి. ఆయన ఉచిత గంటలు మాత్రం ఇంకా ఉన్నాయి.

"మరి సార్ వచ్చేది రేపేనాండీ?" అని అడిగింది హారిక. ఏడవడం లేదు. రక్తపరీక్ష ఫలితం అడిగినట్టు అడిగింది.

జోగినాయుడు గారు సైకిలు మీదనే కూర్చుని ఆ పిల్ల వంక చూశారు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, తన సర్వీసులో మొట్టమొదటిసారి కమిషనరు గారికి తనంతట తానే ఫోను చేశారు. తొందరలో స్పీకరు నొక్కుకుపోయింది. అందరికీ వినిపించింది.

"సార్, నందివలస రిజిస్ట్రారునండి. నా ఉచిత గంటలు అయిపోయాయండి. ఆఫీసుకి రెండు కిలోమీటర్ల ఇవతల ఉండిపోయాను."

"మిస్టర్ నాయుడు," అంది ఫోను, "సాంకేతిక పరిమితులను మానవ సంకల్పంతో అధిగమించడమే ఈ విధానం యొక్క స్ఫూర్తి. రేపు అధిగమించండి."

"అలాగేనండి. ఒక్క సందేహం సార్. నేను ఇంట్లో లేనండి. ఆఫీసులోనూ లేను. ఇవాళ్టికి నా హాజరు ఎలా రాయాలి? సెలవని రాయమంటారా?"

"సెలవెలా అవుతుంది? మీరు విధి నిమిత్తం బయలుదేరారు. బయలుదేరిన అధికారి సెలవులో ఉండజాలడు."

"మరి ఎక్కడున్నట్టు సార్?"

శాఖలో ఏ ప్రశ్నకైనా జవాబు లేదని చెప్పే అలవాటు కమిషనరు గారికి లేదు.

"ప్రధాన స్థానంలో గానీ, నివాసంలో గానీ లేని అధికారి క్యాంపులో ఉన్నట్టు. ఇది ప్రాథమిక సూత్రం నాయుడు గారూ. ఇంత సర్వీసు ఉండి అడగవలసిన విషయం కాదు."

"క్యాంపులో ఉంటే విధులు నిర్వర్తించవచ్చాండీ?"

"విధులు నిర్వర్తించని క్యాంపు విహారయాత్ర అవుతుంది. అందుకు మీ మీద చర్య తీసుకోవలసి వస్తుంది."

"చిత్తం సార్," అని జోగినాయుడు గారు ఫోను పెట్టేశారు. "సుగుణా, రిజిస్టరు ఇలా పట్రామ్మా."

"సార్, వీళ్ళిద్దరూ కూడా ఆఫీసుకి రాలేదండి," అంది సుగుణకుమారి. అడ్డుచెప్పడానికి కాదు, తర్వాత ఎవరూ అడ్డుచెప్పకుండా ఉండటానికి.

"రాలేదు కదా. పొద్దున్న ఇంట్లోంచి బయలుదేరారు, ఇంకా చేరలేదు. అంటే దారిలో ఉన్నారు. నేనూ దారిలోనే ఉన్నాను. దారిలో కలిశాం."

సుగుణకుమారి రిజిస్టరు తెచ్చి సైకిలు హ్యాండిలు మీద ఆనించి పట్టుకుంది. స్థలం అన్నచోట జోగినాయుడు గారు కాసేపు ఆలోచించి, తెర వంక చూసి, 'క్యాంపు: సముద్రపు ఒడ్డు, పొగకొండ దిగువన' అని రాశారు. రాసింది నిజమే కాబట్టి అక్షరాలు వంకర పోలేదు.

"గొండు హారిక," అని పిలిచింది సుగుణకుమారి. హారిక సంతకం పెట్టింది.

"ఆగండాగండి," అన్నాడు సింహాద్రినాయుడు, తొక్కుతూనే. "నాకు అబ్జెక్షనుంది."

"అబ్జెక్షను ఆఫీసులోనే తీసుకోవాలండి," అంది సుగుణకుమారి. "క్యాంపులో తీసుకోకూడదు. మీరు ఆఫీసుకి వచ్చాక ఇవ్వండి. దగ్గరలోనే ఉన్నారు. బాలి సంపత్."

అట్టతో విసురుతున్నవాడు అట్ట కింద పెట్టి ముందుకి వెళ్ళాడు.

సింహాద్రినాయుడి కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి గానీ కళ్ళు మాత్రం అతన్ని వదల్లేదు. అతను సంతకం పెట్టడం, దండలు మార్చుకోవడం, సాక్షులు వంతులవారీగా వంగి సంతకాలు చేయడం అన్నీ తొక్కుతూనే చూశాడు. దిగి ఆపితే చట్టం తప్పినట్టవుతుంది. పైగా పదిహేను కిలోమీటర్లు వచ్చేశాక దిగడం ఆయన స్వభావంలో లేదు. చివరి సాక్షి పేరు రాస్తుండగా "భేష్, సింహాద్రి. మీరు గమ్యం చేరారు" అని ట్యాబు చెప్పింది.

"వచ్చేసినాను," అన్నాడు ఆయన. "కాయితం తీసుకోండి."

"తీసుకోవలసింది రిజిస్ట్రారు గారండి," అంది సుగుణకుమారి. "ఆయన ఇంకా రాలేదు."

ఆయన సైకిలు దిగబోయాడు. కాళ్ళు రాలేదు. పిక్కలు పట్టేశాయి. వెంట వచ్చిన ఇద్దరు మనుషులు ఎటు పట్టుకోవాలో తెలీక నిలబడితే, సంపత్ వెళ్ళి చంకల కింద చేతులు వేసి ఎత్తి దించాడు. కింద కూర్చోబెట్టి, పాదం వెనక్కి వంచి పిక్క సాగదీశాడు.

"నన్ను ముట్టుకోకు," అన్నాడు సింహాద్రినాయుడు.

"అలాగేనండి. రెండో కాలు కూడా ఇటు చాపండి."

ఆయన చాపాడు. జీపుదాకా అతని భుజం పట్టుకునే నడిచాడు. హారిక వెనకాలే తండ్రి చెప్పులు పట్టుకుని వెళ్ళింది.

కమిషనరు గారు ఆ నెల నివేదికలో, విదేశీ వాతావరణంలో ఖర్చు లేకుండా క్యాంపు వివాహం జరిపించిన తొలి శాఖ తమదేనని రాసుకున్నారు.

సింహాద్రినాయుడు అంతటితో వదిలిపెట్టలేదు. నమోదు తర్వాత కూడా అభ్యంతరం చెప్పుకునే గడువు ఒకటి ఉందని ఆయన వకీలు చెప్పాడు. షరతు ఒకటే. అభ్యంతరం చెప్పేవారు, తీసుకునేవారు ఒకేరోజు ఆఫీసుకి చేరి ఉండాలి. గురువారం రావలసిన సంబంధం వాళ్ళు రాలేదు. దాంతో ఆయనకి వేరే పని కూడా లేకపోయింది. జీపులో రావడం, పంచె ఎగ్గట్టి సైకిలెక్కడం. ఆయన వచ్చే రోజు కరెంటు ఉంటే రిజిస్ట్రారు గారికి అది వెళ్ళే రోజు అయ్యేది. ఇద్దరిదీ వచ్చే రోజయితే కరెంటు పోయి ఎవరికో ఒకరికి గంటలు అయిపోయేవి. ఒకసారి సింహాద్రినాయుడి తండ్రి చనిపోయిన పదో రోజు గురించి, ఒకసారి జీడిపిక్కల ధరల గురించి, ఒకసారి జోగినాయుడు గారి అమ్మాయి కుట్టుపని నేర్చుకుంటున్న సంగతి గురించి ఇద్దరూ పొగకొండ చుట్టూ తిరుగుతూ మాట్లాడుకున్నారు. సింహాద్రినాయుడి చొక్కాలు వదులయ్యాయి. షుగరు తగ్గింది. తగ్గిందని చెప్పినది హారికే. శనివారాల్లో పరీక్ష చేయించుకోవడానికి ఆయన ఆ ఆసుపత్రికే వెళుతున్నాడు, నందివలసలో ఇంకో రెండు ల్యాబులు ఉన్నప్పటికీ.

వానలు పడ్డాక ఒకరోజు ఇద్దరూ చేరారు. ముందు జోగినాయుడు గారు, వెనకాలే సింహాద్రినాయుడు. జోగినాయుడు గారు కుర్చీలో కూర్చుని, మొహం తుడుచుకుని, కలం మూత తీశారు. సుగుణకుమారి అభ్యంతరాల కాగితం బల్లమీద పెట్టింది.

"చెప్పండి నాయుడు గారూ," అన్నారు జోగినాయుడు గారు. "మీ అభ్యంతరం ఏమిటి?"

కిటికీలోంచి వాన జల్లు లోపలికి కొడుతోంది. సింహాద్రినాయుడు ఒకసారి సైకిలు వైపు చూశాడు, ఒకసారి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"సీటు బాగా గట్టిగుంది బాబూ," అన్నాడు.

జోగినాయుడు గారు తలెత్తకుండా అలాగే రాసుకున్నారు. కింద ఆయన సంతకం తీసుకుని, ముద్ర వేసి, పై ఆఫీసుకి పంపించారు.

జవాబు రావడానికి నెల పట్టింది. సుగుణకుమారి చదివి వినిపించింది. "గొండు సింహాద్రినాయుడు అను వారు సమర్పించిన అభ్యంతరము క్షుణ్ణముగా పరిశీలించడమైనది. సదరు అభ్యంతరము వివాహమునకు పూర్వమే తెలుపవలసి ఉండగా, వివాహానంతరము అందినందున తిరస్కరించడమైనది."

"అదీ నాయమే," అన్నాడు సింహాద్రినాయుడు, పంచె ఎగ్గట్టి సైకిలెక్కుతూ.